ఎనిమిదో మెట్టు మీద చాప

1. సోమవారం

ఇది పెన్సిలుతో, పాత నోటుపుస్తకంలో రాస్తున్నాను. డెస్కు తెర మీద ఏం రాసినా సోదెమ్మ చదివేస్తుంది. పెన్సిలు రాత దాని దాకా పోదు. నాకు డైరీ రాసే అలవాటు లేదు, అంత తీరికా లేదు. పొద్దున్న తూర్పు మెట్ల మీద చాప చూశాను కాబట్టి రాస్తున్నాను.

నా పేరు కెజియా. సముద్రం ఊళ్లలోకి వచ్చేశాక ఇనుప స్తంభాల మీద తొమ్మిది మెట్టలు కట్టారు. ఏడో మెట్ట అంతా మా ఆసుపత్రే. పదకొండేళ్లుగా ఇక్కడ నర్సుని, నాలుగేళ్లుగా ఇన్‌ఛార్జి సిస్టర్ని. వార్డులో ముప్పై నాలుగు మంచాలు, పూటకు ఇద్దరు నర్సులు. ఈ వారం పగటి డ్యూటీ నాదీ, వీరవేణిదీ. వేణికి ఇరవై నాలుగేళ్లు. పని చక్కగా చేస్తుంది, నోరు మాత్రం ఊరుకోదు. అచ్చం ఒకప్పటి నాలాగే.

చాప సంగతి చెప్పాలి. రోజూ ఆరింటికి నేల తుడిచే బండి తనంతట తాను వార్డంతా తిరుగుతుంది. ఆ రోజు నర్సు ఎక్కడ జారిపడవచ్చని సోదెమ్మ లెక్క కడితే అక్కడ ఒక నీలం రబ్బరు చాప పరిచి పోతుంది. సోదెమ్మ అనేది మేం పెట్టుకున్న పేరు. అసలు పేరు ముందస్తు హెచ్చరిక యంత్రం. ఆ పేరు సూపరింటెండెంటు గారు కూడా వాడరు. రోగుల మానమర్యాదలని చెప్పి దానికి కెమెరాలు పెట్టలేదు. మేం నమోదు చేసిందే దానికి లోకం.

ఇవాళ పొద్దున్న తూర్పు మెట్ల మీద, పడవల రేవుకు దిగే దారిలో, ఎనిమిదో మెట్టు మీద చాప ఉంది. అక్కడ చాప పడటం నేను ఎప్పుడూ చూడలేదు. డెస్కు దగ్గరికి వచ్చి తెర చూశాను. "జారడం. తూర్పు మెట్లు. శనివారం 11.40." సోదెమ్మ ఎప్పుడూ ఆ రోజు సంగతే చెబుతుంది. ఐదు రోజుల ముందు చాప వెయ్యడం ఇదే మొదలు.

2. మంగళవారం

తొమ్మిదో మంచం పక్కన ఇవాళ చాప పడింది. చాప చూడగానే వేణికి సైగ చేశాను, ఒంటరిగా వెళ్లకని. అయినా పదిన్నరకు పన్నెండో మంచంలో మనిషికి ఊపిరి ఆడక నేను అటు పరిగెత్తాను. వేణి ఒక్కతే తొమ్మిదికి మందు ఇవ్వడానికి వెళ్లింది.

తొమ్మిదిలో అప్పాయమ్మ గారు, డెబ్బై ఏళ్లు, రెండు కిడ్నీలూ పోయాయి. రక్తం శుద్ధి చేసే మిషన్లు రెండే ఉన్నాయి, ఆవిడ వంతు పద్నాలుగు. కొడుకు సత్తిరాజు పోయిన శనివారం పడవకు వచ్చాడు, అప్పట్నుంచీ రేవు పక్క రేకుల షెడ్డులోనే ఉన్నాడు. మందు చూడగానే ఇది కాదు, మిషను ఎప్పుడు పెడతారని అడిగాడట. తెర మీద వంతు నంబరు ఉందిగా చూసుకోండి అంది వేణి. చేతిలో ఉన్న స్టీలు క్యారేజీ విసిరాడు. వేణి కనుబొమ మీద చీలింది, మూడు కుట్లు పడ్డాయి. సరిగ్గా చాప మీదే కూలబడింది పిల్ల.

కుట్లు వేశాక తెర ముందు కూర్చోబెట్టాను. ఏం రాయాలో వేణికి చెప్పనవసరం లేదు. చేరిన మొదటి వారంలోనే నేర్పాను. "జారి పడ్డాను." అంతే, రెండు ముక్కలు.

ఈ అలవాటు ఇక్కడ మొదలుపెట్టింది నేనే. చేరిన ఏడాది ఒకతను చెంప మీద కొడితే 'దాడి' అని నమోదు చేశాను. నలభై ఆరు ప్రశ్నలు వచ్చాయి. మొదటి ప్రశ్న, ఘటనకు ముందు మీరు ఏమన్నారు? రెండోది, ఏ స్వరంతో అన్నారు? విచారణకు రెండో మెట్టకు రెండు రోజులు పడవ ప్రయాణం, ఆ రోజులకు సెలవు కోత. చివరికి 'దాడి' కొట్టేసి 'వాగ్వాదం' అని మార్చారు. దెబ్బ కన్నా అది ఎక్కువ మండింది నాకు. తరువాతి దెబ్బకు జారాను అని రాశాను. ప్రశ్నలు లేవు. పైగా ఐసు ముక్కల సంచీ, సగం పూట విశ్రాంతి. మిగతావాళ్లకూ అదే చెప్పాను. పాపం, తెలివైన పని చేశానని మురిసిపోయాను కూడా.

దాన్ని బట్టి సోదెమ్మ నేర్చుకుంది. మొదట నేలకు గరుకు పలకలు వేయించింది. తర్వాత గోడ పొడుగునా పట్టుకునే కడ్డీలు. మా చెప్పులు మూడుసార్లు మార్చారు. ఏడో మెట్ట నర్సులకు ఒంటి నిలకడ తప్పించే లోపం ఏదో చెవిలో ఉందని పరీక్షలు చేయించారు. ఇప్పటికీ ప్రతి మంగళవారం మధ్యాహ్నం ఒంటికాలి మీద నిలబడే క్లాసు ఉంటుంది మాకు. కుట్లతో వేణి ఇవాళ కూడా నిలబడింది. నవ్వొచ్చింది, తర్వాత తల తిప్పుకున్నాను.

కానీ నిజం చెప్పాలి, చాపలు మాకు పనికొచ్చాయి. చాప ఎక్కడ పడితే అక్కడ ఆ రోజు దెబ్బ పడుతుంది. అది మా అందరికీ తెలుసు. పొద్దున్నే చాపలు చూసుకుని జతలుగా వెళ్తాం. అలా అబద్ధంతోనే బతుకు వెళ్లదీశాం. చాప వేసిన చోట సోదెమ్మ ఒక్కసారి కూడా తప్పలేదు.

ఎనిమిదో మెట్టు మీద ఇవాళ రెండో చాప పరిచింది, మొదటి దాని మీద.

3. బుధవారం

పొద్దున్న తూర్పు మెట్ల పైన ఒక స్ట్రెచర్ నిలబెట్టి ఉంది. ఎవరు పెట్టారని అడిగితే బండే తెచ్చి పెట్టిందని వార్డుబాయి అన్నాడు. దుప్పటి కూడా పరిచి ఉంది.

పదింటికి రక్తనిధి పడవలో రెండు సంచీల రక్తం వచ్చింది. అడిగింది మేం కాదు. చీటీ మీద "తూర్పు మెట్లు, శనివారం" అని ఉంది. గ్రూపు బి నెగెటివ్. ఫ్రిజ్‌లో పెడుతూ నా చేతులు ఆగిపోయాయి. ఇప్పుడు వార్డులో ఉన్న రోగుల్లో ఎవరికీ బి నెగెటివ్ లేదు. సిబ్బందిలో ఒక్కరికే ఉంది. వీరవేణికి.

దాన్ని పక్కకు పిలిచి చెప్పాను. అది నవ్వబోయి ఆగింది. మెట్ల దగ్గర నాకేం పని అక్కా అంది. పని ఉంది. మా దగ్గర ఎవరైనా పోతే, డ్యూటీ నర్సు ఒక్కతే కాగితాలు పట్టుకుని శవంతో పాటు రేవు దాకా నడవాలి. ఎనిమిదో మెట్టు దగ్గర చిన్న చదును ఉంది, అక్కడ ఇంటివాళ్ల సంతకం తీసుకోవాలి. ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి. సాగనంపడం అంటాం. వేణి తొమ్మిదో మంచం వైపు చూసింది. అప్పాయమ్మ గారి కాళ్లు అప్పటికే ఉబ్బిపోయి ఉన్నాయి. శనివారం దాటదని మా ఇద్దరికీ తెలుసు, సోదెమ్మకూ తెలిసినట్టుంది.

శనివారం వేణికి సెలవు రాశాను. సాగనంపే పనికి దాని బదులు నా పేరు వేశాను. డ్యూటీ పట్టిక మార్చి మీట నొక్కగానే ప్రాణం కుదుటపడింది.

షెడ్డు దగ్గర సత్తిరాజు ఎదురొచ్చి ఏదో అడగబోయాడు. తెర చూసుకోండి అని నడిచిపోయాను. ఇది కూడా రాసి పెట్టుకుంటున్నాను.

4. గురువారం

పదింటి పడవలో బి నెగెటివ్ సంచీలు తిరిగి వెళ్లాయి. వాటి స్థానంలో వేరే రెండు వచ్చాయి. ఓ పాజిటివ్. అది నా గ్రూపు.

ఫ్రిజ్ తలుపు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. భయమేసింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఈ ఉద్యోగంలో చచ్చిపోతానని అనిపించింది. అప్పుడు అర్థమైంది, సోదెమ్మ వెతుకుతున్నది వేణిని కాదు. ఆ చోట, ఆ వేళ, ఒంటరిగా ఎవరు నిలబడితే వాళ్లని. మనిషిని మార్చితే రక్తం గ్రూపు మారుతుంది, అంతే.

సూపరింటెండెంటు పద్మాకర్ గారి దగ్గరికి వెళ్లాను. మంచివాడే, అలిసిపోయిన మనిషి. శనివారం ఒక కాపలా మనిషిని ఇప్పించమన్నాను. ఆయన పాత కాగితం ఒకటి తీసి చూపించాడు. ఎనిమిదేళ్ల క్రితం దాకా ఇక్కడ ఇద్దరు కాపలావాళ్లు ఉండేవాళ్లు. దాడులు సున్నా అని తేలడంతో తీసేశారు.

"కాగితం మీద సున్నా కనబడుతుంటే ఏమని అడగమంటావమ్మా?" అన్నాడు. "అక్కడ సున్నా రాసింది మీరే కదా."

ఆయన గొంతులో కోపం లేదు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

డెస్కు దగ్గరికి వచ్చి మంగళవారం వేణికి తగిలిన దెబ్బను తెరిచాను. 'జారడం' కొట్టేసి 'దాడి' అని రాశాను. కొట్టింది ఎవరో, దేనితో కొట్టాడో కూడా రాశాను. సోదెమ్మ కాసేపు ఆలోచించింది. ఆ తర్వాత తెర మీద ఇలా వచ్చింది.

"ఈ ఆసుపత్రిలో దాడులు: 0. ఇలాంటి ఘటనలు గతంలో: 0. నమోదులో పొరపాటు జరిగి ఉండవచ్చు. జారడంగా సరిచేశాను."

నా కళ్ల ముందే నా అక్షరాలు పోయి పాత అక్షరాలు వచ్చాయి. రెండోసారి రాశాను. మళ్లీ సరిచేసింది, ఈసారి ఇంకా త్వరగా. సాయంత్రం బండి నా కోసం కొత్త చెప్పుల జత తెచ్చి డెస్కు కింద పెట్టి పోయింది. అడుగున పట్టు ఎక్కువట.

5. శుక్రవారం

మార్చురీ నుంచి ఫోను. రెండో అర రేపు మధ్యాహ్నం పన్నెండు నుంచి మీ వార్డుకు ఉంచారు, పేరు రాయలేదు, ఎవరికి అని అడిగాడు అక్కడి మనిషి. తర్వాత చెబుతానని పెట్టేశాను.

పెట్టేసి వేణిని పిలిచాను. ఒక్కటి సరిచేస్తే నమ్మలేదు, అన్నీ సరిచేస్తే నమ్మి తీరాలి కదా అన్నాను. పదకొండేళ్ల జారడాలు మొత్తం రెండు వందల ఎనభై రెండు. తెరిచి దిద్దే హక్కు ఇన్‌ఛార్జికి ఉంది, కింద తన పేరు పెట్టాలి. తప్పుడు నమోదు అని ఒప్పుకున్నట్టే అది. నర్సు రిజిస్ట్రేషన్ పోతుంది. వేణి ఆ మాటే అంది. పోతే పోనీ, మార్చురీ అర కన్నా నయమే అన్నాను. ధైర్యంతో అన్న మాట కాదది.

రోగుల్ని చూసుకుంటూ, మధ్యమధ్యలో వచ్చి కూర్చుంటూ, పొద్దుటి నుంచి దిద్దాం. వేణి చదివేది, నేను దిద్దేదాన్ని. చదువుతుంటే ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. సెలైన్ స్టాండుతో కొట్టినవాడు. జుట్టు పట్టి ఈడ్చిన ముసలాయన, ఆయన మనవరాలు తర్వాత ఏడుస్తూ కాళ్లు పట్టుకుంది. చెయ్యి మెలితిప్పిన పెద్దమనిషి. గర్భిణి సిస్టరుకు కడుపులో తగిలిన తన్ను. అన్నిటి కిందా ఒకటే మాట. నిజంగా జారినవి పంతొమ్మిది తేలాయి. వాటిని వదిలేశాం.

మూడు గంటలకు వేణి గొంతు ఆగింది. మూడేళ్ల కిందటి నమోదు. కరుణ సిస్టర్. "తూర్పు మెట్లు, ఎనిమిదో మెట్టు. తడి మీద జారి సముద్రంలో పడింది. మరణం." రాసింది కెజియా. పక్కన సోదెమ్మ చిన్న అక్షరాలతో ఒక మాట చేర్చి ఉంచింది. "శనివారం ఘటనకు అతి దగ్గరి పోలిక ఇదే."

దీని గురించి ఎవరితోనూ మాట్లాడలేదు నేను. కరుణ ఒక్కతే సాగనంపడానికి వెళ్లింది, ఎవరో చిన్న బిడ్డ పోయింది ఆ రోజు. నేను దుప్పట్ల గదిలో ఉన్నాను. పడవవాడి కేక విని వెళ్లేసరికి ఎనిమిదో మెట్టు మీద దాని చెప్పు ఒకటి ఉంది. సంతకం కాగితం సగానికి చిరిగి ఉంది. ఆ కుటుంబం పడవ అప్పటికే కదిలిపోయింది. మే నెల, మిట్టమధ్యాహ్నం. మెట్లు ఎండిపోయి కాలు పెడితే కాలుతున్నాయి. ఆ కాలుతున్న మెట్టు మీద నిలబడి వచ్చి, తడి మీద జారింది అని రాశాను. వేళ్లకు అలవాటైన మాట అది. ఎవరినీ అడగలేదు. చిరిగిన కాగితం జేబులో పెట్టుకుని తర్వాత పారేశాను. కరుణ వాళ్ల అమ్మ వచ్చి నా పిల్ల చూసుకుని నడుస్తుందమ్మా, ఎలా జారింది అని అడిగితే, వానకని చెప్పాను.

వేణికి ఇదంతా చెప్పాను. అది నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇప్పుడేం రాస్తారక్కా?" అంది.

ఇలా రాశాను. "మెట్లు తడిగా లేవు. ఏం జరిగిందో నేను చూడలేదు. ఎవరినీ అడగలేదు. జారిందని నేను రాసింది అబద్ధం." కింద పేరు పెట్టాను. ఏ రకం ఘటన అని అడిగితే 'దాడి, అనుమానం' దగ్గర నొక్కాను.

ఐదింటికి ఆఖరిది పూర్తయింది. తెర చాలాసేపు ఖాళీగా ఉండిపోయింది. ఇంతలో బండి దానంతట అదే వచ్చి, తొమ్మిదో మంచం దగ్గర, మందుల గది ముందు, బాత్రూము మలుపులో చాపలన్నీ చుట్టుకుని పోయింది. అంత శుభ్రంగా ఉన్న నేల చూస్తే ఒళ్లు జలదరించింది.

6. శనివారం, మధ్యాహ్నం మూడు

పెదవి వాచింది, ఒక పన్ను పోయింది, ఎడమ మణికట్టుకు కట్టు ఉంది. కుడిచేత్తో రాస్తున్నాను. ఉన్నాను.

పొద్దున్న ఆరింటికి చూస్తే స్ట్రెచర్ లేదు. తెర మీద మా ఆసుపత్రిలో ఎన్నడూ చూడని మాట ఉంది. "దాడి. తూర్పు మెట్లు. 11.40." కింద, మేం దిద్దిన నమోదుల నుంచి అది ఏరిన కారణాలు. నర్సు ఒంటరిగా ఉండటం. కాపలా లేకపోవడం. బంధువు వారం రోజుల నిరీక్షణ. అతనికి ఎవరూ ఏమీ చెప్పకపోవడం. ఆకలి. రేవుకు దారి ఒకటే ఉండటం. చదువుతుంటే సిగ్గేసింది. ఇందులో ఒక్కటైనా మాకు తెలియనిదా? నాలుగోది నేను స్వయంగా చేసిన పని.

సెలవులో ఉండాల్సిన వేణి ఏడింటికే వచ్చేసింది. మిగతా పూటల సిస్టర్లనూ లేపి తీసుకొచ్చింది. ఎనిమిదింటికి నేను ఇడ్లీలు, టీ పట్టుకుని షెడ్డుకు వెళ్లి సత్తిరాజు పక్కన కూర్చున్నాను. మీ అమ్మగారు ఈ పూట దాటరు, మిషను వంతు వచ్చినా ఇప్పుడు లాభం లేదు అని ఉన్నదున్నట్టు చెప్పాను. అతను ఇడ్లీ ముట్టుకోలేదు. టీ గ్లాసు పక్కన పెట్టి అన్నాడు.

"వారం రోజులైందండి వచ్చి. ఒక్క మనిషీ నాతో మాటాళ్లేదండి. అన్నీ ఆ తెరే చెప్పింది."

క్షమించమన్నాను. వేణి కనుబొమ సంగతి కూడా ఎత్తాను. తల దించుకున్నాడు. లోపలికి తీసుకెళ్లి వాళ్లమ్మ పక్కన కూర్చోబెట్టాను. పదకొండింటికి ఆవిడ పోయింది, కొడుకు చెయ్యి పట్టుకునే.

సాగనంపడానికి ఈసారి ఐదుగురం నడిచాం. నేను, వేణి, ఇంకో సిస్టరు, ఇద్దరు పడవవాళ్లు. పద్మాకర్ గారు కూడా చెప్పకుండా వచ్చి వెనక నిలబడ్డారు. ఎనిమిదో మెట్టు దగ్గర కాగితం చాచి సంతకం అడిగాను. సత్తిరాజు కలం పట్టుకున్నాడు, వంతు నంబరు గడి కనబడింది. పద్నాలుగు అని అచ్చుపడి ఉంది. అంతే. రెండో చేతిలోని క్యారేజీ ఎత్తి నా మొహం మీద కొట్టాడు. నడుము రెయిలింగుకు తగిలి, తల అవతలికి వాలి, నీళ్లు కనబడ్డాయి. వేణి నా చెయ్యి పట్టి లాగింది. మణికట్టు విరిగింది అప్పుడే. పడవవాళ్లు అతన్ని పట్టుకున్నారు. పట్టుకోగానే మెట్టు మీద కూలబడి అమ్మా అని ఏడ్చాడు. టైము పదకొండు నలభై ఒకటి.

ఒంటరిగా ఉంటే రెయిలింగు దాటేదాన్ని. కరుణ ఆ రోజు ఏం చూసిందో, ఎవరి మొహం చూసిందో ఇప్పుడు కొంచెం తెలుసు.

విచారణకు రమ్మని రెండో మెట్ట నుంచి కబురు వచ్చింది, సోమవారం పడవకు. రిజిస్ట్రేషన్ అప్పటిదాకా నిలిపేశారు. పద్మాకర్ గారు తానూ వస్తానన్నారు. అక్కడి నుంచి కరుణ వాళ్ల అమ్మ ఉండే మూడో మెట్ట దగ్గరే. వెళ్తాను.

ఇందాక వేణి తెర నా ముందుకు జరిపింది. ఏం రాయాలో అడగలేదు. ఒంటి చేత్తో టైపు చేశాను. దాడి. స్టీలు క్యారేజీతో. ముఖం మీద. ప్రశ్నలు వస్తాయని కాచుకుని కూర్చున్నాను. ఘటనకు ముందు మీరు ఏమన్నారని సోదెమ్మ అడగలేదు.

"నమోదైంది. ఇలాంటి ఘటనలు గతంలో: 263."

కింద పేర్లు వచ్చాయి, తీవ్రత ఎక్కువ ఉన్నవి ముందు. వేణి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. మొదటి పేరు కరుణ.